లాభం తర్వాత

మనిషి బుర్రలో ఒకేసారి నిలిచేవి నాలుగే సంగతులు. సుభాషిణి బుర్రలో అందులో మూడింటి చోటు ఆమె పనిచేసే కంపెనీ అద్దెకు తీసుకుంది. చెవి వెనక వాళ్లు అతికించిన బిళ్ల ఉన్నంతసేపూ అక్కడ వాళ్ల లెక్కలే తిరుగుతుంటాయి. సుభాషిణి గిద్దతో బియ్యం కొలుస్తూ, అలవాటుగా ఒకటి అనకుండా "లాభం" అంది. బిళ్ల గుర్రుమంది. అన్నది మరిచిపోయి మళ్లీ "లాభం" అంది. మళ్లీ అదే.

"బస్తా అంతా వండతావా ఏందే?" అంది అత్త పెంచలమ్మ.

"లాభం దాటి పోవట్లేదత్తా."

"ఆ లాభం వాళ్లదిలే. పాప ఇందాకట్నించీ ఏందో అడగతా ఉండాది, విన్నావా?"

పాప పెదాలు కదులుతున్నాయి. మాట చివరికొచ్చేసరికి మొదలు సుభాషిణి బుర్రలోంచి జారిపోతోంది. సుభాషిణి బిళ్ల పీకేసింది.

"ఉద్యోగం పోద్దే."

"పోనీ." బియ్యమంతా డబ్బాలోకి తిరగపోసి మళ్లీ కొలిచింది. "లాభం. రెండు. ఇప్పుడు చెప్పమ్మా, మొదట్నించీ."