మూతకు అంటిన పొడి

"సీసా ఇచ్చేశారుగా, ఇంకా ఎందుకు నిలబడ్డారు?"

ప్రయోగశాలలోకి వచ్చిన పొట్టాయన కదల్లేదు. బల్ల అంచు ఆయన గడ్డానికి తగులుతోంది. చంకలో ఐసు పెట్టె.

"మీరు తెరిచేదాకా ఉంటానమ్మా."

పరిశోధకురాలికి ఒళ్లు మండింది. పొద్దుట్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. పళ్లెంలో పెంచిన కణాలు ఈ రోజు దాటితే పనికిరావు. అవి పోతే నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

వాటికి వేయాల్సింది ఈ సీసాలోని ప్రోటీను. మనిషి ఎదుగుదల హార్మోను. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి, దానిచేత తయారు చేయిస్తారు.

పోయిన వారం వచ్చిన సీసా తెరిస్తే ఖాళీ! చెత్తబుట్టలో పడేసి, కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాసింది. అందులో 'మోసం' అని మూడుసార్లు రాసింది. సీసాతోపాటు వచ్చిన సూచనల కాగితమా? అదెవరు చదువుతారు!

ఇప్పుడు ఈ సీసాను వెలుతురుకెత్తి చూసింది. ఇందులోనూ ఏమీ లేదు.

"మళ్లీ ఖాళీదే తెచ్చారా!" అంటూ మూత మీద చేయి వేసింది.

"ఆగండమ్మా!" ఆయన మునివేళ్ల మీద లేచి ఆమె చేయి పట్టుకున్నాడు. "తీయకండి. ముందు గిర్రున తిప్పే మిషన్లో పెట్టి ఒక్క నిమిషం తిప్పండి."

"వదలండి! మీ ఆశ నాకర్థమైందిలెండి. ఇది వేసుకుంటే ఎత్తు పెరిగే మందు కాదు. మీకేం పనికిరాదు."

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. పొగరు అడ్డొచ్చింది.

ఆయన ముఖం చిన్నబోయింది. చేయి వదిలేశాడు.

"తెలుసమ్మా. పరిశోధనకు మాత్రమేనని సీసా మీదే ఉందిగా. పొడి కంటికి ఆనదు. దారి కుదుపులకు మూతకు అంటుకుంటుంది. తిప్పితే అడుక్కి దిగుతుంది. నీళ్లు సీసా లోపలి గోడ వెంబడి మెల్లగా పోయండి. ఊపకండి, పాడైపోతుంది."

"పాఠాలు చాలు. బయట కూర్చోండి."

ఖాళీదేనని ఆయనచేతే ఒప్పించాలని మొండిగా సీసాను మిషన్లో తిప్పింది. చెప్పినట్టే నీళ్లు పోసింది. ఒక్క చుక్క తీసి ప్రోటీను కొలిచే యంత్రంలో పెట్టింది.

అంకె రెండుసార్లు చూసింది. ఉండాల్సినంతా ఉంది. రవ్వంత కూడా తక్కువ లేదు!

అంటే పోయిన వారం నిండు సీసానే తన చేతులతో చెత్తబుట్టలో వేసింది.

గబగబా కణాలకు హార్మోను వేసి బయటికి పరుగెత్తింది. వరండాలో కుర్చీ ఖాళీ. మెట్లు దిగి గేటు దాకా వెళ్లింది. ఎక్కడా లేడు.

కంపెనీకి ఫోన్ చేసింది. మేనేజరు ఎత్తాడు.

"పొరపాటు నాదేనండీ. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. సీసా తెచ్చిన మీ డెలివరీ ఆయన ఉన్నారే, కాస్త పొట్టిగా... ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నాను. క్షమాపణ చెప్పుకోవాలి. రేపు మళ్లీ పంపిస్తారా?"



"ఆయన డెలివరీ మనిషి కాదమ్మా. ఇరవై ఏళ్లుగా ఈ హార్మోను తయారుచేస్తున్నది ఆయనే. మాట పడే మనిషి కాదు, మీ ఉత్తరం చూసి నిన్ననే ఉద్యోగం మానేశారు, ఈ ఒక్క సీసా మాత్రం దగ్గరుండి మీచేత తెరిపించి వెళ్తానని తనే బయల్దేరారు."