హస్తవాసి

"మళ్లీ కాగితాలేనా?" అంది హెడ్ నర్సు, తలెత్తకుండానే.

"ఒక్కసారి చదవండి మేడం. సెలైన్ సూదిని మూడు రోజులకోసారి పీకి కొత్తది గుచ్చక్కర్లేదట. వాపూ నొప్పీ లేకపోతే అలాగే ఉంచొచ్చు, రోజూ చూసుకుంటే చాలు. వేలమంది పేషెంట్ల మీద పరీక్షించి మరీ రాశారు."

"రాసినవాళ్లు మన వార్డుకొచ్చి చూశారా?"

కొత్త సిస్టర్‌కి ఒళ్లు మండిపోయింది. చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే 'కాగితాల సిస్టర్' అని పేరు పడింది. పడితే పడనీ. ఆమె బెంగంతా తొమ్మిదో మంచం మామ్మ గురించి. కాలి పుండు మానాలంటే మామ్మకి ఇంకా ఐదు రోజులు మందు నరంలోకే ఎక్కాలి. ఆ నరాలు చూస్తేనేమో దారప్పోగులు. కిందటిసారి సూది మార్చడానికి కొత్త సిస్టర్ నాలుగు చోట్ల పొడిచింది. చెయ్యంతా కమిలిపోయింది. ఇవాళ మళ్లీ మార్చే రోజు. ఇంకోసారి పొడిస్తే ఇంటికెళ్లిపోతానని మామ్మ పొద్దున్నే కొడుకు చేత సంచి సర్దించింది.

"మందు మధ్యలో ఆపేస్తే ఆవిడ కాలు దక్కదు మేడం."

"అందుకని రూలు మార్చెయ్యమంటావా?" హెడ్ నర్సు రిజిస్టరు తెరిచి ముందుకు తోసింది. "చూసుకో. పదిహేనేళ్లుగా ప్రతి మూడో రోజూ తేదీ, టైము, సంతకం. చెయ్యి వాచిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాక్ష్యమంటే ఇదీ. పో, పోయి పని చూడు."

కొత్త సిస్టర్ పేజీలు తిప్పి చూసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క రోజూ తప్పలేదు. ఈవిడతో వాదించడం, గోడకి తల బాదుకోవడం ఒకటే. విసురుగా బీరువా తెరిచింది. సూదుల డబ్బాలు మీద పడేటట్టున్నాయి. ఈ వార్డులో ఎంత వాడినా ఇవి తరగవేమిటో. ఒక సూది తీసి ట్రేలో పెట్టుకుని తొమ్మిదో మంచం దగ్గరికి నడిచింది.

ఆమెని చూడగానే మామ్మ చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"నువ్వు మాత్రం వద్దు తల్లీ. మంచిపిల్లవే, ఏమీ అనుకోకు, నీ హస్తవాసి బాగాలేదు. మొదటిసారి మీ పెద్ద సిస్టర్ మార్చింది, చీమ కుట్టినట్టయినా లేదు. ఆవిణ్ని పిలు."

"నిజమేనమ్మా," అన్నాడు పక్క మంచం ఆయన. "కళ్లు మూసుకోమంటుంది, తెరిచేసరికి అయిపోతుంది."

కొత్త సిస్టర్‌కి ఏడుపొక్కటే తక్కువ. కాలేజీలో సూది గుచ్చడంలో తనే ఫస్టు. ఇక్కడ మాత్రం తన డ్యూటీలోనే పిల్లా పెద్దా గగ్గోలు పెడతారు. చదివిందీ పనికిరాలేదు, చెయ్యీ పనికిరాలేదు.

ఇంతలో వెనకనుంచి హెడ్ నర్సు వచ్చింది. "జరుగు," అని తెర లాగింది. "మామ్మా, అటు తిరిగి కళ్లు మూసుకో."

మామ్మ బుద్ధిగా మూసుకుంది. కనీసం ఆ ఒడుపైనా నేర్చుకుందామని కొత్త సిస్టర్ వంగి చూసింది. హెడ్ నర్సు సూది చుట్టూ వేలితో నొక్కింది. వాపు లేదు, ఎరుపు లేదు. సిరంజితో కాస్త సెలైన్ ఎక్కించి చూసింది, సాఫీగా వెళ్లింది. పాత ప్లాస్టరు జాగ్రత్తగా ఒలిచి, కొత్తది అంటించి, దాని మీద ఇవాళ్టి తేదీ వేసింది.

"అయిపోయింది మామ్మా."

"అప్పుడేనా?" మామ్మ బోసినోటితో నవ్వింది. "చూశావా తల్లీ, హస్తవాసంటే అదీ. ఒరేయ్, ఆ సంచి విప్పెయ్."

కొత్త సిస్టర్ ట్రేలోకి చూసింది. తెచ్చిన సూది తెచ్చినట్టే ఉంది, కవరు కూడా చింపలేదు. తెర ఇవతలికి వచ్చాక ఉండబట్టలేక అడిగింది. "మేడం, సూది మార్చలేదు మీరు."

హెడ్ నర్సు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నిన్ను మాత్రం నిజంగా గుచ్చమన్నదెవరు? దాన్ని బీరువాలో పడేసి, నీ కాగితం కూడా దాచెయ్. పైవాళ్లు అది చదివారంటే సరిచూసుకోడానికి ముందు నా రిజిస్టర్లే తెప్పిస్తారు. పదిహేనేళ్లుగా ఈ వార్డులో మేం మారుస్తున్నది ప్లాస్టరొక్కటే."