ఆకాశం మీదికి ఒక్క గుండు

“ముందు కాల్చిందెవరు?” అడిగాడు ఫణీంద్ర.

“మావోడే బాబూ. పోతురాజు. నా పెనిమిటి,” అంది కనక.

హాలంతా గుసగుసలు. ప్రభుత్వం తరఫు వకీలు ఫణీంద్ర మొహం వెలిగిపోయింది. ఆరు నెలలుగా ప్రభుత్వం చెబుతున్న మాటే, చనిపోయినవాడి భార్య నోటివెంటే వచ్చింది మరి.

“అంటే పోలీసుల మీద మీ ఆయనే తుపాకీ పేల్చాడన్నమాట.”

“పోలీసోళ్ళ మీద గాదు. ఆకాశం మీదికి.”

“నిదానంగా చెప్పమ్మా,” అన్నాడు విచారణ కమిషన్ జడ్జి.

కనక గొంతు సవరించుకుంది. కొండ మీద డెబ్భై కుటుంబాలు తెల్లజెండా కట్టుకుని తమ పెద్దదిక్కు గురువమ్మ చెప్పినట్టు బతికేవి. అది అడవి భూమి, ఖాళీ చెయ్యమంది ప్రభుత్వం. వీళ్ళు కదల్లేదు. పోలీసులు పదకొండు రోజులు కొండ చుట్టూ కంచె వేసి కాపలా కాసి బియ్యం గింజ, జ్వరం బిళ్ళ పైకి వెళ్ళనివ్వలేదు. పదకొండో రోజు పొద్దున్నే గురువమ్మ జ్వరంతో పోయింది. ఆ వెంటనే ఒక తుపాకీ పేలింది. తరవాత చాలా పేలాయి. తొమ్మిది శవాలు లేచాయి. మొదటిది పోతురాజుదే.

“మా కొండల్ల పెద్దోళ్ళు పోతే నాటు తుపాకీ ఒక్కపాలి ఆకాశం మీదికి పేలుత్తారు బాబూ. సుట్టూ ఊళ్ళకి కబురది. సప్పుడు ఇన్నోళ్ళు పనులొగ్గీసి వత్తారు. గురువమ్మ మాట ఇని సారా ఒగ్గీసినాం, కోడిని కొయ్యడం ఒగ్గీసినాం. ఇదొక్కటీ ఒగ్గలేకపోనాం.”

ఫణీంద్ర కాదనలేదు. అక్కడే ఉంది అతని తెలివి.

“ఆచారం నిజమే కావచ్చు సార్. కానీ ఆ రోజు డ్యూటీలో ఉన్న అరవై రెండు మందీ మైదానం నుంచి వచ్చినవాళ్ళే. ఇదిగో జాబితా. ఒక్కరూ కొండవాళ్ళు కారు. తుపాకీ పేలితే అది చావు కబురని వాళ్ళకేం తెలుసు? ప్రాణభయంతో కాల్చారు. పొరపాటే గాని నేరం కాదు.”

జడ్జి తలూపి రాసుకోసాగాడు. కనకకి చదువు రాదు గాని, ఆ కలం ఏం రాస్తోందో అర్థమైంది. పొరపాటు అని పడిపోతే చాలు, తొమ్మిది ప్రాణాలకీ జవాబు చెప్పేవాడు ఉండడు. కాల్చమన్న ఇన్స్పెక్టరు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

గుమ్మం దగ్గర కాపలా ఉన్న హోంగార్డు ధర్మ గ్లాసుతో వచ్చాడు. “నీళ్ళు తాగమ్మా,” అన్నాడు చిన్నగా.

కనక మొహం తిప్పుకుంది. పొద్దున జీపు దిగగానే ఇతనే ఎదురొచ్చాడు. “నా ఊసెత్తకు. డ్యూటీ పోద్ది. ఇంట్ల పసిగుంట ఉంది,” అని బతిమాలాడు. ఆ పసిగుంటంటే జాలి లేక కాదు. అయినా ఆమె గ్లాసు అందుకోలేదు.

“చివరి ప్రశ్నమ్మా,” అన్నాడు జడ్జి. “మీ ఆచారం తెలిసినవాడు ఆ రోజు పోలీసుల పక్కన ఒక్కడైనా ఉన్నాడా?”

ఫణీంద్ర గడియారం చూసుకున్నాడు.

“ఉన్నాడు బాబూ.”

“జాబితాలో లేడే!” నవ్వాడు ఫణీంద్ర.

“జాబితాల ఎందుకుంటాడు? రోజుకూలి ఖాకీ. అదిగో, ఆడే.” ఆమె వేలు ధర్మ వైపు తిరిగింది. “తుపాకీ పేలగానే ఇన్స్పెక్టరు సెయ్యి పట్టుకున్నాడు. ‘సార్, కాల్చొద్దు, అది సావు కబురు’ అని అరిసినాడు. కంచె ఇవతల నాను ఇన్నాను. ఇన్స్పెక్టరు ఆణ్ణి తోసీసి కాల్చమన్నాడు.”

ఇన్స్పెక్టరు కాలు కిందికి దిగింది. జడ్జి కలం ఆపి ధర్మని చూశాడు. “నిజమేనా?”

ధర్మ నేల చూస్తూ నిలబడ్డాడు.

“జరగనిదానికి ఏం చెబుతాడు సార్?” ఫణీంద్ర గొంతు పెంచాడు. “చూడమ్మా, యూనిఫాం వేసుకున్నవాణ్ణి ఎవణ్ణో ఒకణ్ణి చూపిస్తే సరిపోదు. ఎక్కడి హోంగార్డో! మీ కొండ ఆచారం ఇతనికి తెలుసని నువ్వెలా చెప్పగలవు?”

కనక ధర్మని మొదటిసారి కళ్ళెత్తి నిండుగా చూసింది.

“ఆణ్ణి కన్నది నానే బాబూ.”