మూడో సాలు

"ఇయ్యాల సంది మీరు మొగ్గలు గిల్లినంక అందరి సాళ్లు మా కోడలు తేజస్విని తిరిగి చూస్తది," అంది మాలతి, పత్తిచేను గట్టు మీద నిలబడి.

కూలీలు తలలూపారు. భీమమ్మ ఊపలేదు.

"నా సాలు గూడనా?"

"అందరివీ. నిన్నొక్కదాన్ని ఇడిస్తే మిగిలినోళ్లు ఏమనుకుంటరు? జర సమజ్ చేసుకో."

"పన్నెండేండ్ల సంది గిల్లుతున్న. నా సాలుల ఎప్పుడన్న తప్పు దొరికిందా?"

"దొరికిందని ఎవరన్నరు? నీకే బరువు తగ్గుతదని..."

మాలతి చెడ్డ మనిషి కాదు. అందరినీ ఒకే తీరుగా చూడాలనుకుంది, అంతే. కానీ గద్వాల వైపు కంపెనీలకు విత్తనం కోసం వేసే సీడు పత్తి పని సున్నితం. రేపు విచ్చే మొగ్గను ఈ సాయంత్రమే గిల్లి, లోపలి పుప్పొడి తీసేయాలి. తెల్లారి మగ మొక్కల సాలు నుంచి పువ్వు తెచ్చి దానికి అద్దాలి. గిల్లకుండా వదిలిన మొగ్గ తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అలాంటి కాయలు దొరికితే కంపెనీ ఆ చేను విత్తనం ముట్టదు. ఏడాది కష్టం మామూలు పత్తి కింద పోతుంది.

ఎంతటి చేతికైనా ఆకుల చాటున ఒకటీ అరా మిగులుతాయి. అందుకే భీమమ్మ రోజూ పని అయ్యాక, ఎవరూ చెప్పకుండానే, తన మూడో సాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా మళ్లీ నడిచేది. ఆ సాయంత్రం మాత్రం చేతులు కడుక్కుని సద్దిగిన్నె చంకన పెట్టుకుంది.

"మల్ల తిరిగి చూస్తలేవా?" పక్క సాలు సత్యమ్మ అడిగింది.

"చూసెటందుకు మనిషిని పెట్టిండ్రు గద." ఆ రోజు నుంచి భీమమ్మ తన సాలు మళ్లీ నడవలేదు.

ఇరవై రోజులకు కంపెనీ మనిషి వచ్చాడు. మూడో సాలులో సగం దాకా నడిచి ఆగిపోయాడు. గిల్లిన ఆనవాలు లేని కాయలు పిడికెడు తెంపి మాలతి చేతిలో పోశాడు.

"గిల్లకుండ ఇడిసినయి అమ్మా ఇవన్నీ. ఈ చేను సీడు మేం తీస్కోం."

భీమమ్మ తల దించుకుంది. మాలతి కోడలి మీదికి తిరిగింది.

"ఇన్ని దినాలు ఏం చూసినవే? కండ్లు యాడ పెట్టినవ్?"

తేజస్విని భీమమ్మ వైపు చూసింది.

"అన్ని సాళ్లు చూసిన అత్తమ్మా. మూడో సాలొక్కటే చూడలే. పెద్దమ్మ గిల్లింది మల్ల చూసుడంటే, ఆమెను నమ్మనట్టే గదా అని..."