ప్రాక్టీసు జోడీ

"సాయిశ్రీకి కాలు బెణికింది. ఇయ్యాల ఆత్మకూరు పోటీకి నువ్వే దిగాల," అన్నాడు పీఈటీ రంగనాథం.

సుధారాణి నమ్మలేనట్టు చూసింది. బడి కుస్తీ జట్టులో మూడేళ్లుగా ఆమె అదనపు మనిషి. ఊరికే కూర్చోబెడితే మనసు విరుగుతుందని రంగనాథమే ఆమెకొక పని కల్పించాడు. ప్రతి పోటీలో సాయిశ్రీ ఎవరితో తలపడబోతుందో, ముందురోజు ప్రాక్టీసులో సుధారాణి ఆ పిల్లలా కుస్తీ పట్టాలి. ఉదయగిరి పిల్లలా మెడ వంచేది, కొండాపురం పిల్లలా కాళ్లకు దూకేది. అచ్చుగుద్దినట్టు దించిందని ఆయన అందరిముందూ మెచ్చుకునేవాడు.

"ఎవురి మాదిరి పట్టాల సార్?"

"ఎవురి మాదిరేంది? నీ మాదిరే పట్టు."

ఆమె మ్యాట్ అంచుదాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"అదెట్టుంటాది సార్? మీరెప్పుడన్నా చూసినారా?"