తొంభై కిలోల గీత

సుమలత మొగుణ్ణి జాతర పొట్టేల్ని మేపినట్టు మేపుతోందని పక్క ఫ్లాటు బాలనాగమ్మ లిఫ్టులో ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ చెబుతోందట. పొద్దున ఉప్మా పెసరట్టు, మధ్యాహ్నం వేటమాంసం, సాయంత్రం నెయ్యి కారే సున్నుండలు. పోయినేడు చావుదెబ్బ తిన్నవాణ్ణి మళ్ళీ కొట్టించుకోడానికి పంపుతోంది, అదేం ఆడదమ్మా అని కొసమెరుపట. ఆ మాట మోసుకొచ్చింది ఎవరో కాదు, బాలనాగమ్మ మొగుడు సాంబమూర్తే.

గణపతికి నవ్వు రాలేదు. దేశం కాని దేశంలో, హౌగాంగ్ అనే పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి పచార్లు చేస్తున్నాడు. శనివారానికి ఇంక మూడు రోజులే.

చాంగీ బిజినెస్ పార్క్‌లో కొన్ని ఆఫీసులు కలిసి ఏటా విరాళాల కోసం బాక్సింగ్ పోటీ పెడతాయి. పోయినేడు డెరెక్ అనేవాడు గణపతి ఎడమ కంటి మీద ఒక్కటిచ్చాడు. రిఫరీ పది లెక్కపెట్టాక గానీ లేవలేకపోయాడు. ఆ వీడియో ఆఫీసులో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. డెరెక్ ఎదురుపడతాడేమోనని గణపతి ఏడాదిగా అందరూ తినడానికి చేరే అక్కడి హాకర్ సెంటర్‌లో అడుగు పెట్టలేదు.

వీడియోలో కనపడనిది ఇంకొకటుంది. కంటికి ఆపరేషన్ అయింది. ఇంకో దెబ్బ తగిలితే చూపుకి పూచీ నాది కాదన్నాడు డాక్టరు.

అయినా ఈసారి ఫారంలో ఆరోగ్యం భేషుగ్గా ఉందని రాసేశాడు. సుమలత రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు, కన్ను సంగతి ఎవరికీ చెప్పనని తన్మయి నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. ఒక్కగానొక్క కూతురు. ప్రాణం పోయినా ఆ ఒట్టు తీసి గట్టున పెట్టదని అతని ధైర్యం.

ఆ తరవాత ఆమె అడ్డు చెప్పలేదు. పైగా వారం తిరక్కుండా ఒక కబురు తెచ్చింది. డెరెక్ ఆమె పనిచేసే బ్యాంకులోవాడే. ఒళ్ళు పెంచి నూరు కిలోలు దాటాడట, ఈసారి హెవీవెయిట్‌లో దిగుతున్నాడట.

తొంభై దాటితే హెవీవెయిట్. ఆ పైన హద్దు లేదు. గణపతి ఎనభై అయిదు. డెరెక్‌తోనే తలపడాలంటే తనూ ఆ గీత దాటాలి.

అక్కడ మొదలైంది మేత.

సాంబమూర్తికి ఇది మింగుడుపడలేదు. ఆయన కుర్రతనంలో విశాఖలో గ్లవ్స్ తొడిగినవాడు.

"వందేళ్ళ కిందట హెవీవెయిట్ ఛాంపియనంటే నీ అంతే ఉండేవాడురా అబ్బాయ్. ఎనభై అయిదు. తనకంటే పాతిక కిలోలు పైబడినవాణ్ణి పడేసేవాడు. కాళ్ళు ఆడాలి గానీ, కండ ఏం చేసుకుంటావు?"

సుమలత వంటింట్లోంచే అందుకుంది.

"అప్పటి భారీ మనుషులు దూలాల్లా నిలబడేవాళ్ళు అంకుల్. ఇప్పుడు నూటపది కిలోలవాడు కూడా పిల్లిలా కదులుతున్నాడు. ఆ కాలం లెక్కతో వెళితే ఈయన నలిగిపోతారు."

కోడిపందెం చూస్తే కళ్ళు మూసుకునే మనిషి. ఇవన్నీ ఎక్కడ చదివిందో.

గణపతికి ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అదే వచ్చిన చిక్కు. తింటే కాళ్ళు బరువెక్కుతున్నాయి. మానేద్దామంటే డెరెక్ గుద్దు గుర్తొస్తోంది. ఆఫీసు మీటింగుల్లో తనకి తెలియకుండానే ఎడమ కన్ను తడుముకుంటున్నాడు. ఇంటికొస్తే గంటకోసారి తూకం ఎక్కుతున్నాడు. ఎనభై తొమ్మిది. ఎనభై తొమ్మిదిన్నర.

"అగైన్ ఆ, నాన్నా? తూకం బ్యాటరీ అయిపోతుంది లా," అంది తన్మయి అక్కడి బడిపిల్లల యాసలో.

శనివారం పొద్దున ఎక్స్‌పో స్టేషన్ దగ్గర హాలు. సాంబమూర్తి కూడా వచ్చాడు. సుమలత సీసాడు మజ్జిగ మొగుడి చేత గటగటా తాగించి, అడుగున మిగిలింది కూడా వదలనివ్వలేదు. తూకం తొంభై ఒకటి చూపించింది. నిర్వాహకుడు హెవీవెయిట్ అని రాసుకున్నాడు. గణపతికి ఊపిరాడింది.

వెనకే డెరెక్ ఎక్కాడు. అదే నడుము, అవే భుజాలు. ఎనభై ఏడు.

నిర్వాహకుడు జాబితా తిరగేశాడు. హెవీవెయిట్‌లో గణపతి ఒక్కడే. గీతకి అటొకడూ ఇటొకడూ ఉంటే ఆడించరు. బరిలో దిగకుండానే కప్పు మీదేనని చెయ్యి కలిపి అభినందించాడు.

గణపతి పెళ్ళాం వైపు తిరిగాడు.

"నూరు దాటాడన్నావు?"

సుమలత ఖాళీ సీసాకి మూత బిగించింది.

"కన్ను సంగతి చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. తూకం సంగతి అబద్ధమాడనని వేయించుకోలేదుగా."