వంతెన కింది చేపలు

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, చెయ్యి కూడా నిదానమే. గుణింతం తప్పితే దిద్దుకుని చదవండి. కథను మాత్రం నాన్చను.

"మూడేళ్లుగా ఈ వాగును కడుగుతున్నాం. ఒక్క చేపపిల్లయినా కనబడిందా?" అంది వదిన, తడిసిన చేతితొడుగులు పిండుతూ.

"ఉంటాయి వదినా. మన కంట పడలేదంతే," అన్నారు డ్రిల్లు మాస్టారు.

ఆమె మాస్టారి అన్న భార్య. వీధికంతా వదినే. అన్న పోయాక కుట్టుమిషను ముందు నుంచి లేవని మనిషిని, బతిమాలి ఈ వాగు పనికి లాక్కొచ్చింది మాస్టారే. చెత్త ఏరుతూ, పదిమందితో పోట్లాడుతూ ఆమె మళ్లీ నవ్వడం నేర్చుకుంది.

రేపు ఇంజనీరు వస్తున్నాడు. చేప కనబడితే వాగు వాగుగానే ఉంటుంది. కనబడకపోతే మురుక్కాలువ అని తేల్చి, పైన సిమెంటు పలకలు పరిచేస్తారు.

"మా తొట్టిలో ఉన్నాయిగా, దోమలకని పెంచుతున్నవి? తెచ్చి వదిలేద్దాం. చేప మొహం చూసి ఊరు చెప్పగలడా ఆ ఇంజనీరు?"

"అది దొంగాట వదినా."

"అబ్బో, ధర్మప్రభువు! పలకలు పరిచాక వాటి మీద కూర్చుని ధర్మం చెబుదువుగాని."

మాస్టారి సంగతి ఆమెకు కొత్త కాదు. ఆటల పోటీలో సొంత బడి పిల్లల మీదే విజిలు ఊది, చేతికందిన కప్పు పోగొట్టిన మనిషి.

అయినా ఆమె ఊరుకోలేదు. సాయంత్రం జల్లెడతో తొట్టంతా దేవింది. పిల్లి పంజా తగిలి తోక తెగిన చేపతో సహా అన్నీ బకెట్లోకి వచ్చేశాయి. పక్కవాటాలో ఉండే మాస్టారి గుమ్మం ముందు బకెట్ పెట్టి తలుపు కొట్టింది.

"నా వంతు అయింది. ఇక నీ ఇష్టం."

ఆయన ఏదో అంటున్నా వినిపించుకోకుండా వచ్చేసింది.

పొద్దున లేచేసరికి బకెట్ ఆయన గోడ పక్కన బోర్లించి ఉంది. ఆయన పాంటు అంచులు తడిసి ఉన్నాయి.

"ఏం మరిదీ, తెల్లారకుండానే పనా?"

"అయిపోయింది వదినా," అన్నారాయన, ఆమె మొహంలోకి చూడకుండా.

వదిన లోలోపల నవ్వుకుంది. ఖాళీ తొట్టిని చూడబుద్ధి కాక, పెరటి వైపు వెళ్లకుండానే వాగుకు బయల్దేరింది.

ఇంజనీరు బూట్లు విప్పి నీళ్లలోకి దిగాడు. చేతివల ముంచాడు. ఆకులు. మళ్లీ ముంచాడు. బురద. గట్టు మీది జనం ఇంకా ముందుకు జరిగారు.

"కిందటి నెల ఆ వంతెన కిందే కుళ్లిన పరుపు లాగాం సార్. అక్కడోసారి చూడండి," అన్నారు మాస్టారు.

‘ఎక్కడ వదిలాడో బాగానే గుర్తుపెట్టుకున్నాడు’ అనుకుంది వదిన.

ఇంజనీరు వంగి వంతెన నీడలోకి వెళ్లాడు. కాసేపటికి గాజు సీసా పైకెత్తుకుని వచ్చాడు. బూడిదరంగు చేపలు అందులో గిరగిరా తిరుగుతున్నాయి.

"ఇది వాగేనండీ! పలకలు పరవం."

ఈలలు, చప్పట్లు. ఎవరో ఎవరినో నీళ్లలోకి తోశారు. మాస్టారు గట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నారు. వదిన సీసాలోకి తొంగి చూసింది. తోక తెగినది కనబడలేదు. గడుసుది, వలకు చిక్కి ఉండదు.

గుండెల మీది బండ దిగినట్టయి, ఇంటిదాకా ఆమె నవ్వుతూనే ఉంది.

"కన్నీళ్లు కూడానా! నటన ఎప్పుడు నేర్చావు మరిదీ?"

"నటనేంటి?"

"నా దగ్గరా? జన్మకో దొంగాట ఆడావు, మంచికే ఆడావు. ఈ మాట నా నోరు దాటదులే."

మాస్టారు నడక ఆపి ఆమెను వింతగా చూశారు.

"మీరింకా పెరట్లోకి వెళ్లలేదా వదినా?"

వదిన గబగబా పెరట్లోకి నడిచి, తొట్టి మీది చెక్క పక్కకు జరిపింది.

మేత కోసం తోక తెగిన చేప పైకొచ్చింది.